ముంజికాయల బండి



వేసవి సెలవులకు వచ్చిన మనవలతో ఏం చేయించాలని చాలామంది అడుగుతున్నారు. అరటిగెలలు దిగే మన రావులపాలెంలో నారకు, కొబ్బరాకుకు కరువా? ఈనె తీసిన ఆకును ఏటవాలుగా చుట్టి, విడిపోకుండా పుల్ల గుచ్చి, సన్నని కొస నొక్కి ఊదితే బూర. ముంజెలు తినేశాక మిగిలిన రెండు బుర్రలను పుల్లతో కలిపి, పంగలకర్రతో తోస్తే బండి. పైసా ఖర్చు లేదు.

అయితే నా పొరపాటు ఒకటి మనవి చేస్తాను. కిందటేడు మా మనవడు బండి కడుతూ పుల్ల వంకరగా గుచ్చాడు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు దిద్దిన చెయ్యి కదా, ఊరుకోలేదు. లాక్కుని నేనే చక్కగా చేసిచ్చాను. వాడు ముట్టుకోలేదు. "అది నీ బండి తాతయ్యా" అన్నాడు. నాలుగు రోజులు అరుగు మీదే ఎండిపోయింది.

ఈ ఏడు కత్తిపని మాత్రం నేను చూసుకుని, మిగతాది వాడికే వదిలేశాను. వంకరగానే నడిచింది. అయినా సందు చివరిదాకా తోలాడు. పక్కిళ్ళ పిల్లలు ముగ్గురు పోగయ్యారు. బుర్రలు చాలక మర్నాడు మళ్ళీ ముంజికాయలు కొన్నాం. తిన్నది ఎక్కువగా నేనే లెండి.