పరిసరముల ప్రణాళికలో పౌరుల సలహా

(సంఘ వార్షికోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసపు పాఠము)



సాంస్కృతిక సంఘపు వేదికపై నాటకమును గూర్చియో, పద్యమును గూర్చియో మాటలాడుట వాడుక. పట్టణ పరిసరముల ప్రణాళికలో పౌర సలహా సంఘములకు గల స్థానమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, శ్రోతలు ఫలహారముల వేళకే వత్తురేమోయని కొంత శంకించితిని. సభ నిండుగనే యున్నది; సంతోషము. విషయము కూడ మనకు పరాయిది కాదు. ఇక్కడ కూర్చున్నవారిలో పెక్కుమంది పగలు కార్యాలయమున ఇతరుల ఊళ్లను గూర్చి ఫైలుపై టిప్పణి వ్రాయువారు. సాయంకాలము ఇంటికి పోయి, మరియొకరు వ్రాసిన టిప్పణి ఫలితము ననుభవించువారు. బల్లకు రెండు వైపులను చూచిన అనుభవము ఇంతమందికి ఒకచోట కలిగియుండుట అరుదు.

ఉదాహరణమునకై దూరము పోనక్కరలేదు. దక్షిణ ఢిల్లీలో సరోజినీనగర్, నేతాజీనగర్, నౌరోజీనగర్, కస్తూర్బానగర్, త్యాగరాజనగర్, శ్రీనివాసపురి, మహమ్మద్‌పూర్ అను ఏడు కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాస వాటికలను మీరెరుగుదురు. 2016 జూలైలో కేంద్ర మంత్రివర్గము వీనిని పునర్నిర్మించుటకు సమ్మతించెను. సుమారు 13 వేల పాత ఇండ్ల స్థానమున 25 వేలకు పైబడిన కొత్త ఇండ్లు కట్టవలెను. కొంత స్థలమును వాణిజ్యమునకు వినియోగించి ఆ రాబడితో వ్యయము భరింపవలెను. ఉద్దేశమున తప్పు పట్టుటకేమియు లేదు. క్వార్టరు కొఱకు ఏండ్ల తరబడి వేచియుండి, ఘాజియాబాదు నుండియో ఫరీదాబాదు నుండియో రెండేసి బస్సులు మారి వచ్చు గుమాస్తా బాధ తెలిసినవాడెవ్వడును ఇండ్లు వలదనడు.

రెండేండ్లు గడచెను. 2018 జూన్ మాసమున, ఆ ఇండ్ల కొఱకు ఎన్ని చెట్లు కూలవలసియున్నవో పత్రికలలో వచ్చెను. ఒక లెక్క ప్రకారము 14 వేలు, మరియొక లెక్క ప్రకారము 16 వేలకు పైన. రెండు లెక్కల నడుమ తేడాయే రెండు వేలకు మించియున్నదని గమనింపుడు. నౌరోజీనగర్‌లో అప్పటికే నరకుట చాలవరకు జరిగియుండెను. సరోజినీనగర్‌లో జనులు గుమిగూడి చెట్లను కౌగిలించుకొని నిలిచిరి. జూన్ 25వ తేదీన ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము, జూలై 4 వరకు గొడ్డలి ఆపవలెనని చెప్పెను. ఆ నిలుపుదల పిదప పొడిగింపబడెను. ప్లానులను మరల చూతుమని ప్రభుత్వమును ప్రకటించెను.

ఈ వృత్తాంతములో నాకు ముఖ్యముగ తోచునది ఎవరు గెలిచిరన్నది కాదు. 2018 జూన్‌లో వీధిలో జరిగిన సంభాషణ 2016లో ఒక బల్ల చుట్టును జరిగియుండదగినది. నక్షా పెన్సిలు దశలో నున్నప్పుడు ఒక భవనమును పది గజములు పక్కకు జరుపుటకు రబ్బరు ముక్క చాలును. టెండరు పిలిచి, గుత్తేదారు యంత్రములు దింపిన తరువాత అదే పది గజములకు కోట్ల రూపాయలు, న్యాయవాదులు, వాయిదాలు కావలెను. ఆ మొదటి దశలో నివాసిని కూర్చుండబెట్టుటకు చట్టములో చోటు ఉండెనా?

కొంత ఉండెను, కొంత తీసివేయబడెను. పరిసరములపై ప్రభావమును ముందుగ మదింపు చేయవలెనని 1994 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఒక ప్రకటన చేసెను. 1997 ఏప్రిల్‌లో దానికి బహిరంగ విచారణ చేర్చబడెను. ఆ విచారణ జరుపు మండలిలో కలెక్టరుతోను, కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధితోను పాటు, స్థానిక సంస్థల ప్రతినిధులు ముగ్గురికి మించకుండను, కలెక్టరు నియమించిన ఆ ప్రాంతపు పెద్దలు ముగ్గురికి మించకుండను ఉండవచ్చునని వ్రాయబడెను. అనగా ఊరి పెద్ద వాదము చెప్పుకొనుటకు ఎదుట నిలుచుండుటయే కాక, వినువారి వరుసలో కుర్చీ వేసుకొని కూర్చుండెను. 2006 సెప్టెంబరు 14 నాటి కొత్త ప్రకటనలో ఆ మండలి పోయినది. జిల్లా మేజిస్ట్రేటు గాని, ఆయన ప్రతినిధి గాని అధ్యక్షత వహించును. కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి తోడ్పడును. విచారణకు ముప్పది దినముల వ్యవధి, దృశ్య ధ్వని ముద్రణ మున్నగు మంచి నియమములు చేరినవి గాని, కుర్చీ మాత్రము పోయినది. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. భవన నిర్మాణములకును, నగర వాటికల అభివృద్ధికిని ఆ బహిరంగ సంప్రదింపే అవసరము లేదని ఆ ప్రకటన మినహాయించినది. ఫ్యాక్టరీ వచ్చునప్పుడు రైతును అడుగుదురు; కాలనీ కూలునప్పుడు కాపురస్థుని అడుగ నక్కరలేదు. ఏడు కాలనీల కథకు మూలము అక్కడ నున్నదని నా అభిప్రాయము.

ఢిల్లీకి వేరుగ 1994 నాటి వృక్ష సంరక్షణ చట్టము కలదు. దానిచే ఒక వృక్ష ప్రాధికార సంస్థ ఏర్పడినది. అందు అధికారులతో పాటు ఎన్నికైన ప్రతినిధులకును, వృక్ష రక్షణలో అనుభవము గల అనధికార సంస్థలవారికిని తావు కలదు. మూడు మాసముల కొకసారియైనను అది సమావేశము కావలెను. నగరములోని చెట్ల గణనము జరుపుట దాని విధులలో నొకటి. గణనము సక్రమముగ జరిగియుండినచో 14 వేలా, 16 వేలా అను వాదమునకు తావే యుండెడిది కాదు. ఇక ఢిల్లీ అభివృద్ధి చట్టము 1957లోనే బృహత్ప్రణాళిక విషయమున ఒక సలహా మండలిని కల్పించినది. అందు వర్తక పరిశ్రమల ప్రయోజనములకు ఒకరు, కార్మికుల ప్రయోజనములకు ఒకరు ప్రతినిధులు. కేవలము ఇంటిలో నివసించువాడు, ఇతర హోదా యేమియు లేనివాడు, ప్రత్యేకముగ లెక్కలోనికి రాలేదు. 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఈ లోటును కొంత పూరించినది. మూడు లక్షలును అంతకు మించియు జనాభా గల పురపాలక సంస్థలలో వార్డు కమిటీలు ఉండవలెననినది. పండ్రెండవ షెడ్యూలులో నగర వనములు, పరిసరముల రక్షణ అని స్పష్టముగ చేర్చినది.

చట్టపు మాటలు చాలును. సలహా మండలిలో కూర్చున్న పౌరుడు, ఇంజనీరుకును నక్షాకారునకును తెలియనిది ఏమి చెప్పగలడని కొందరు పెద్దలు నన్నడిగియున్నారు. న్యాయమైన ప్రశ్న. నేను చెప్పు సమాధానమిది. వాన కురిసినప్పుడు ఏ మూల మోకాలి లోతు నీరు నిలుచునో, ఏ మూల అరగంటలో ఇంకిపోవునో నక్షాలో నుండదు. ఏ నేరేడు చెట్టు క్రింద ఇస్త్రీ బల్ల వేసుకొని ఒక కుటుంబము ఇరువదియేండ్లుగ బ్రదుకుచున్నదో ఉండదు. మే మాసపు మధ్యాహ్నము పిల్లలు బడినుండి ఏ నీడ వెంబడి నడచి వత్తురో ఉండదు. ఏ ముసలి వేపచెట్టు తొర్రలో ప్రతి వేసవిని కొమ్ముకత్తిరి పిట్ట గూడు పెట్టునో, అదియు ఉండదు. మన తెలుగువారు క్వార్టరు మారినప్పుడెల్ల పెరటిలో నాటి వచ్చిన మునగయు, కరివేపయు సరేసరి. వానిని ఏ సర్వేయరును చెట్లుగ నెంచినట్లు లేదు. చట్టమైతే భూమినుండి ముప్పది సెంటీమీటర్ల యెత్తున ఐదు సెంటీమీటర్ల వ్యాసమును, ఒక మీటరు పొడవును ఉన్న ప్రతి మ్రానును చెట్టనియే చెప్పుచున్నది. మా మునగ దానికి ఎన్నో రెట్లుండెను.

ఇది ఊహామాత్రము కాదు. దక్షిణ ఢిల్లీలోని సర్వోదయ ఎన్‌క్లేవ్‌లోను, తరువాత వసంత విహార్‌లోను నివాసులే పూనుకొని ఒక్కొక్క చెట్టును లెక్కించి, జాతి వ్రాసి, మొదలు చుట్టును సిమెంటు బిగించినవి ఎన్నియో గుర్తించిరి. చెట్టు చుట్టును ఒక మీటరు మేర మట్టిని విడువవలెనని 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత న్యాయాధికరణము ఆదేశించియుండెను. ఆ ఆదేశము ఏ వీధిలో అమలైనది, ఏ వీధిలో కాలేదు అనుటకు ఇట్టి పట్టికయే సాక్ష్యము. పెద్ద శాస్త్రజ్ఞానమేమియు అక్కరలేదు; ఓపిక కావలెను.

ఇక మనవంటివారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలోని తొమ్మిదవ నియమము మీకందరకు కంఠస్థమే. ప్రభుత్వ విధానమును గాని, చర్యను గాని ప్రతికూలముగ విమర్శించు మాట ఉద్యోగి పత్రికలో వ్రాయరాదు, రేడియోలో చెప్పరాదు. కూలబోవు కాలనీ మనది. కూల్చు నిర్ణయము మన యజమానిది. అట్టివాడు వీధిలో ప్లకార్డు పట్టుకొనుటకు సంకోచించును, సంకోచింపవలసినదే. కావుననే సలహా మండలిలో ఒక కుర్చీ ఇతర పౌరులకంటె మనకు ఎక్కువ అవసరము. కాలనీలలో గౌరవ హోదాతో పనిచేయు ఏరియా సంక్షేమాధికారులున్నారు, గుర్తింపు గల నివాసుల సంఘములున్నవి. నీటి కొళాయి, వీధి దీపము వరకే వారి మాట సాగుచున్నది. ఆ కాలనీ భవిష్యత్తు నక్షాను వారికి చూపవలెనని ఎవరికిని తోచుట లేదు.

సలహా సంఘమును ఎట్లు నడుపవలెనో మనము కొత్తగ నేర్చుకొన నక్కరలేదు. 1966లో ఆరంభమైన సంయుక్త సంప్రదింపు యంత్రాంగము మన చేతి క్రింద పెరిగినదే. అందు ఉద్యోగుల పక్షము వారు ముందుగ విషయములు వ్రాసి పంపుదురు. సమావేశము జరుగును. చర్చ కాగితముపై పడును. తీసికొన్న చర్యల పట్టిక తరువాతి సమావేశమునకు వచ్చును. కోరిన దెల్లను దొరకునా? దొరకదు. అయినను ‘కాదు’ అన్నప్పుడు ఎందుకు కాదో ఎవరో సంతకము పెట్టి చెప్పవలసియుండును. పరిసరముల విషయమున పౌర సలహా మండలికి నేను కోరునది అంతయే. నిర్ణయాధికారము అక్కరలేదు, అది ఎన్నికైనవారిది, చట్టము నిర్దేశించిన అధికారులది. కాని నక్షా ఖరారు కాకముందే చూడ నియ్యవలెను. ఇచ్చిన సలహాను త్రోసివేసినచో కారణము వ్రాయవలెను. ఈ రెండును లేని మండలి తేనీటికి, భత్యమునకు తప్ప పనికిరాదు.

కాగితపు సంఘములు ఎట్లుండునో మనకు మరియొక నిదర్శనము కలదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయు ఒక యాజమాన్య సంఘమును ఏర్పరచవలెననెను. 2004 నియమములు అధ్యక్షునితో పాటు ఆరుగురికి మించకుండ సభ్యులను, అందు మూడవ వంతుకు తగ్గకుండ స్త్రీలను నిర్దేశించియుండెను. స్థానిక ప్రజలతో సంప్రదించి ఆ ప్రాంతపు మొక్కలు, జంతువులు, వైద్యము మున్నగు వాని జాబితా వ్రాయుట వారి ముఖ్యమైన పని. చాలకాలము దేశమున బహుకొద్ది సంఘములే ఏర్పడెను. 2020 జనవరి 31 లోపల ముగింపవలెనని, లేనిచో జరిమానా పడునని జాతీయ హరిత న్యాయాధికరణము చెప్పగా, చూచుచుండగనే సంఘముల సంఖ్య రెండు లక్షలు దాటెను. అంత తొందరలో వ్రాసిన జాబితాలలో ఎన్ని ఊరివారిని అడిగి వ్రాసినవో, ఎన్ని పొరుగూరి జాబితా చూచి దింపినవో మీరే ఊహింపుడు. మన ఆంధ్ర, తెలంగాణ గ్రామములలోను ఈ జాబితాలు కలవు. సంక్రాంతికి సెలవుపై పోయినప్పుడు పంచాయతీ కార్యాలయమున అడిగి చూడుడు. అందు మన చెరువు కట్టమీది తుమ్మయు, తాటియు ఉన్నవో లేవో చూచిన చాలును. జాబితా ఎట్లు వ్రాయబడినదో తెలిసిపోవును.

ఒక ఆక్షేపణ మాత్రము నేను తేలికగ త్రోసివేయలేను. సలహా మండలిలో కూర్చుండు పౌరుడెవ్వరు? క్వార్టరులో నున్నవాడు మూడు నాలుగేండ్లలో బదిలీపై పోవును. నివాసుల సంఘములలో గొంతు గలవారిదే మాట సాగును. వెనుక గదులలో నుండు పనిమనిషి, తోపుడు బండి కూరగాయలవాడు, ఇందాక చెప్పిన ఇస్త్రీ కుటుంబము ఆ సంఘములలో సభ్యులు కారు. చెట్టు నీడ అందరికంటె ఎక్కువ కావలసినది వారికే. ఇంటిలో శీతల యంత్రము లేనిది వారికే. క్వార్టరు కొఱకు వేచియున్న గుమాస్తా సైతము ఆ కాలనీలో లేడు, కావున అతని మాటయు వినబడదు. మండలిని కూర్చునప్పుడు వీరికి కుర్చీ లేకపోయినచో, చెట్టు పేరిట ఉన్నవారు లేనివారిని దూరముంచిరను అపవాదు రాక తప్పదు. నాకు తోచినంతలో, సభ్యులను సంఘాధ్యక్షులనుండియే ఏరుకొనక, కేటాయింపు జాబితాలో వేచియున్నవారినుండి ఒకరిని, కాలనీలో జీవనము చేయు చిరువృత్తులవారినుండి ఒకరిని తీసికొనుట మేలు. బదిలీల వలన తెగిపోవు జ్ఞాపకమును నిలుపుటకు పట్టిక యొక్కటే సాధనము; మనుష్యులు మారినను పుస్తకము కాలనీలో నుండును.

కావున సంఘ కార్యవర్గము వారికి ఒక చిన్న మనవి. మన సభ్యులు నివసించు వాటికలలో ఒక్కొక్క వీధి పంచుకొని చెట్ల పట్టిక వ్రాయుదము. ఒక దర్జీ టేపు, గళ్ల నోటుపుస్తకము, సెలవు దినముల ఉదయములు నాలుగైదు కావలెను. జాతి, చుట్టుకొలత, మొదలు చుట్టును మట్టి ఉన్నదా సిమెంటు ఉన్నదా, గూడున్నదా, క్రింద ఎవరైన కూర్చుండి జీవనము చేయుచున్నారా అను ఐదు గళ్లు చాలును. చెట్టు పేరు హిందీలో తెలియనిచో తెలుగులోనే వ్రాయుడు, తరువాత సరిచూచుకొందము. ఒక ప్రతిని నివాసుల సంఘమునకు, ఒక ప్రతిని వృక్షాధికారికి పంపి రసీదు తీసికొందము. గళ్లు గీచిన నమూనా కాగితములు కొన్ని తెచ్చితిని. ఫలహారముల బల్ల ప్రక్కనే ఉంచినాను.