చిలికా నీటిలో ఉప్పు
(ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



మేము శాస్త్రజ్ఞులము కాము; మెట్రిక్ చదివి రైల్వేలో గుమాస్తాపని చేసుకొనువారము. అయినను, బరంపురము నుండి ఖుర్దారోడ్డు పోవు బండిలో మనమందరమును కిటికీలోనుండి చూచెడి చిలికా సరస్సును గూర్చి రెండు మాటలు మనవి చేయుదుము.

చిలికాలో ఏటినీరును సముద్రపునీరును కలియును. ఒండ్రు మేటవేసి, సముద్రపు మొగ పూడుకొనిపోగా ఉప్పదనము తగ్గినది. కలుపు పెరిగినది. చేపలు, రొయ్యలు సన్నగిల్లి జాలరుల పొయ్యిలో పిల్లి లేవలేదు. 1993లో ఈ సరస్సు ప్రమాదస్థితిలోనున్న చిత్తడినేలల అంతర్జాతీయ పట్టికకెక్కినది.

దీనికి మందు ఏ ఒక్క శాస్త్రమో చెప్పినది కాదు. ఆటుపోట్లు లెక్కించినవారు కొందరు. ఉప్పు కొలిచినవారు కొందరు. చేపల రాకపోకలు కనిపెట్టినవారు మరికొందరు. ఆ లెక్కలన్నియు కలిపి చూచి, 2000 సెప్టెంబరులో ఇసుకతిన్నెను త్రవ్వి క్రొత్త మొగ తెరచిరి. ఉప్పు తిరిగివచ్చినది, దాని వెంట సముద్రమునుండి చేపపిల్లలును వచ్చినవి. జాలరుల వలలు మరల బరువెక్కినవి. 2002లో చిలికా పేరు ఆ పట్టికనుండి తొలగినది.

అంతటితో పని ముగియలేదు. ఏరులు ఒండ్రు తెచ్చుట మానవు. అలలు ఇసుక త్రోయుట మానవు. ఏటేట కొలుచుచునే యుండవలెను. ఉగాది పచ్చడిలో ఉప్పు పాలు తప్పినచో ఇంటివారికే తెలియును. సరస్సులో తప్పినచో కొలిచినవారికే తెలియును. అట్లు కొలుచువారిలో మన పిల్లలును ఒకరిద్దరుండవలెనని మా కోరిక.