ఆయుధపూజకు ఆఫీసు అలంకారం



దసరా వస్తోందంటే ఇల్లే కాదు, ఆఫీసులూ, వర్క్‌షాపులూ, బస్సు డిపోలూ కూడా ముస్తాబవుతాయి. ఆయుధపూజ కదండీ! చందాలు అందరూ వేసుకుంటారు. తోరణాలు కట్టే పని మాత్రం "మీ ఆడవాళ్ల చేతిలో కళ ఉందమ్మా" అంటూ మన మీదికి నెడతారు. సరే, కడదాం. కాని దేనిమీద ఎక్కి కడుతున్నామో చూసుకోవద్దూ? ఆఫీసులో చేతికందేది చక్రాలున్న తిరుగుడు కుర్చీ. పట్టుచీర కుచ్చిళ్లతో దానిమీద నిలబడటం ధైర్యం కాదు. నిచ్చెన తెప్పించమనండి, కింద ఒకరిని పట్టుకోమనండి. ఇందులో మొహమాటమేమిటి?

ఇక సీరియల్ లైట్లు. పాతరకం చిన్నబల్బుల సెట్టులో బల్బులన్నీ ఒకే వరసలో ఉండి 230 వోల్టులనూ పంచుకుంటాయి. అందుకే ఒక్కటి మాడితే వరసంతా ఆరిపోతుంది. ఆరిపోయింది గదా, కరెంటు లేదులే అని ఆ బల్బు ఊడదీసి హోల్డరులో వేలు పెడతారు కొందరు. చిత్రమేమంటే, ఖాళీ అయిన ఆ హోల్డరులోనే పూర్తి 230 వోల్టులూ కాచుకుని ఉంటాయి! ప్లగ్గు పీకేశాకే ముట్టుకోవాలి. ప్లగ్గు లేదని తీగకొసలు సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలు బిగించేవారూ ఉన్నారు. ఇప్పటి ఎల్‌ఇడి దండలు అంతగా వేడెక్కవు గాని, వాటికీ ఇదే జాగ్రత్త. తీగను దారంతో కట్టాలి గాని పిన్నులు కొట్టకూడదు.

క్రేపు కాగితం దీపానికి ఎడంగా ఉండాలి. మంటలార్పే ఎర్ర సిలిండరు అందంగా లేదని దాన్ని కాగితాలతో కప్పేస్తారు. అవసరానికి వెతుక్కోవాలి కాబోలు!

యంత్రాలకు బొట్టు పెట్టేముందు మెయిన్ ఆపించండి. స్విచ్చిబోర్డుకు తడిగంధం వద్దు, పొడికుంకుమ చాలు. పూజయ్యాక యంత్రాన్ని ఒకసారి నడిపించే ఆచారం ఉంది. బంతిపూల దండ తీశాకే నడపాలి. తిరిగే చక్రానికి దండ చిక్కితే, పక్కనే ఉన్న మన కొంగూ జడా చిక్కటానికి ఎంతసేపు? దిష్టి గుమ్మడికాయ ముక్కలు కూడా గుమ్మంలో వదిలేయకుండా అప్పుడే ఎత్తించండి, జారిపడతారు.

సెలవుకు తాళం వేసేముందు దీపం కొండెక్కిందా, ప్లగ్గులన్నీ పీకారా అని ఒకరు చూడాలి. ఆ ఒకరెవరో పొద్దున్నే అనుకోండి. పండుగ సాయంత్రం అందరికీ బస్సు తొందరే.