పంపు కొనేముందు చేంతాడుతో కొలవండి

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో చేతిపంపు సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. పాలలో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. పాడి ఎనుము ఇచ్చే ప్రతి లీటరు పాలకూ, మామూలుగా తాగే నీటికి తోడు మరో నాలుగు లీటర్ల దాకా నీరు కావాలి. తొట్టి సగమే నింపితే ఎనుము సగమే తాగుతుంది, పాలు తగ్గుతాయి. ఆ తోడే పని మన ఇళ్లలో ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నది. కావున చేతిపంపు మంచిదే. అయితే ఏ బావికి ఏ పంపు అన్నది తెలియక డబ్బు పోగొట్టుకోరాదు.

బావి గట్టు మీద బిగించే చిన్న పంపు నీటిని పట్టి లాగదు. పిడి నొక్కినప్పుడు గొట్టంలో గాలి తగ్గుతుంది. అప్పుడు బయటి గాలి బరువు బావి నీటిని గొట్టంలోకి నెడుతుంది. ఆ గాలి బలానికి హద్దు సుమారు 34 అడుగులు. గాలికి బరువుందని, ఈ హద్దుకు అదే కారణమని ఇటలీ దేశంలో టోరిచెల్లి 1643 ప్రాంతంలో పాదరసంతో నిరూపించాడు. వాల్వులు, వాషర్ల లోపాలు పోను మనకు దక్కేది 22, 23 అడుగులే. అంతకు మించితే ఎంత ఖరీదైన పంపయినా, ఎంత బలవంతుడు కొట్టినా నీరు రాదు.

ఇక్కడ లెక్క బావి లోతు కాదు. పంపు నుండి నీటి మట్టం దాకా ఎంత ఉందన్నదే లెక్క. 40 అడుగుల బావిలో నీరు 15 అడుగులకే అందితే పంపు పనిచేస్తుంది. 30 అడుగుల బావిలో నీరు 27 అడుగులకు దిగితే పనిచేయదు. చేంతాడుకు రాయి కట్టి దించి చూడండి. సంక్రాంతికి కాదు, మే నెలలో కొలవండి.

మన మూడు ప్రాంతాలూ ఒకటి కాదు. ప్రొద్దుటూరు వైపు పెన్న, కుందూ ఒడ్డున ఇసుక, ఒండ్రు నేలల్లో నీరు పైనే దొరికే చోట్లు ఉన్నాయి. కె.సి. కాలువ పారినన్నాళ్లు ఆయకట్టు బావులు ఊరుతాయి, కాలువ కట్టేస్తే మట్టం దిగుతుంది. దిగిన తర్వాతి కొలతే నమ్మవలెను. జమ్మలమడుగు వైపు నాపరాయి నేలల్లో నీరు రాతి నెర్రెల్లో ఉంటుంది. పక్కపక్క బావుల్లోనే మట్టాలు వేరుగా ఉండవచ్చు. పొరుగువాని బావి చూసి పంపు కొనరాదు.

పులివెందుల వైపు చీనీ తోటలకు లోతైన బోర్లు పడ్డాయి, పాత బావులు చాలా ఎండాయి. అక్కడ గట్టు పంపు పనిచేసే చోట్లు తక్కువ. మనం బోరింగు అనే ఇండియా మార్క్ 2 పంపు వేరు. షోలాపూర్ పంపును ఆధారం చేసుకొని, యునిసెఫ్ తోడ్పాటుతో 1970ల్లో దానిని రూపొందించారు. దాని సిలిండరు నీటిలోకే దిగి, నీటిని కింది నుండి పైకెత్తుతుంది. అందువల్ల సుమారు 150 అడుగుల దాకా పనికివస్తుంది. నీరు అంతకన్నా లోతుంటే మోటారే దిక్కు.

ఇక శుభ్రత. గట్టు పంపు పట్టు విడిచినప్పుడు పైనుండి నీళ్లు పోసి కొడతాము. చేతికందిన కుడితి తొట్టి నీళ్లే పోస్తే ఆ మురికి పంపులోకి దిగుతుంది. ఆ నీటితోనే పాలక్యాను కడుగుతాము. ఒక్క ఇంటి క్యాను చెడితే సంఘంలో అందరి పాలూ విరగవచ్చు, నష్టం అందరిదీ అవుతుంది. పోయడానికి మూతపెట్టిన బిందెలో మంచినీళ్లు వేరుగా ఉంచండి. మాటిమాటికీ పట్టు విడుస్తుంటే అడుగు వాల్వో, తోలు వాషరో అరిగిందన్నమాట, మార్చండి.

బావి చుట్టూ సిమెంటు గచ్చు, మురుగు దూరంగా పోయే కాలువ ఉండాలి. పేడదిబ్బ కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి. మంచి బ్లీచింగు పొడి 1000 లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. 6 అడుగుల వెడల్పు గుండ్రటి బావిలో 10 అడుగుల నీరుంటే సుమారు 8000 లీటర్లు, దానికి 20 గ్రాములు. రాత్రి వేసి ఉదయం వాడుకోండి.

చివరగా ఒక మనవి. ప్రతి సంఘమూ సభ్యుల బావుల వేసవి మట్టాలు ఒక పుస్తకంలో రాసిపెట్టవలెను. పంపుకు అప్పు అడిగే సభ్యుని బావి కొలత చూసిన తర్వాతే తీర్మానం చేయండి. నాలుగు వాషర్లు సంఘం బీరువాలో ఉంచండి. వాషరు కోసం పంపు నెలంతా ఆగితే, ఆ నెల చేంతాడు మళ్లీ మన ఆడవాళ్ల చేతికే వస్తుంది. ఇకపై తనిఖీకి వచ్చినప్పుడు పాల రిజిస్టరుతో పాటు ఆ పుస్తకం కూడా చూపమని అడుగుతాను. సిద్ధంగా ఉంచగలరని నమ్ముతూ సెలవు తీసుకుంటున్నాను.