ధర అడిగే ముందు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు. వెనక వరసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చేతులెత్తి మొక్కుతున్నాను. ఈ అంగళ్లు ఊరి చుట్టుపక్కల టమోటా వేసేవాళ్లు, పాడి పెట్టుకుని పిల్లల్ని చదివించినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. నేను చెప్పబోయేది మీ కథే.

నా ఉద్యోగమంతా కొనుగోళ్ల విభాగంలోనే గడిచింది. చేరిన కొత్తలో ఒక టమోటా పేస్టు ఫ్యాక్టరీకి సరుకు కొనేవాణ్ణి. ఒకరోజు మార్కెట్ యార్డులో కిలో పన్నెండు రూపాయలు పలికిన కాయను వదిలేసి, పది రూపాయల కాయను లారీకి ఎత్తించాను. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు పేస్టు కాచే చోట పనిచేసే పెద్దాయన నన్ను పిలిచి, "సార్, కాయంతా నీళ్లే ఉండాయి. ఎంత కాగబెట్టినా చిక్కబళ్లేదు" అన్నాడు.

ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. టమోటా రసంలో నీళ్లు పోగా మిగిలే సారాన్ని బ్రిక్స్‌లో కొలుస్తారు. మా పేస్టు 28 బ్రిక్స్ ఉండాలి. తొక్క, గింజల తరుగు పక్కన పెడితే, నేను వదిలేసిన 5 బ్రిక్స్ కాయ 5.6 కిలోలకు కిలో పేస్టు వస్తుంది. నేను కొన్న 4 బ్రిక్స్ కాయ అయితే 7 కిలోలు కావాలి. అంటే పన్నెండు రూపాయల కాయతో కిలో పేస్టుకు రూ.67.20 ఖర్చు. చవగ్గా కొన్నానని నేను మురిసిన కాయతో రూ.70. దానికి తోడు, ఎక్కువైన నీళ్లను ఆవిరి చేయడానికి కాల్చిన ఇంధనం.

ఈ సంగతి కాచేవాళ్లకు తెలుసు, ల్యాబులో తెలుసు, పండించిన రైతుకూ తెలుసు. వాళ్లలో ఒక్కరినీ అడగకుండా కొన్నవాణ్ణి నేను. ఆ రోజు నేర్చుకున్న పాఠమే ఈ రోజు మీ చేతిలో పెడుతున్నాను: కొనుగోలు బేరంతో మొదలు కాదు, కలిసి కూర్చోవడంతో మొదలవుతుంది.

మన ప్రాంతంలో ఎక్కువగా పండేది కూరకు వాడే కాయ, లారీలో దూరం పోయినా చితకని కాయ. పేస్టుకు కావలసిన రకం వేరు. అది పొద్దున్నే యార్డుకు పోయి వెతికితే దొరకదు. నారు పోయకముందే రైతు దగ్గరికి పోవాలి. ఏ రకం వేయాలి, ఏ వారం కోయాలి, ధర పడిపోతే కంపెనీ కనీసం ఎంత ఇస్తుంది, పెరిగితే రైతు ఎంత సరుకు ఇస్తాడు అన్నవి ముందే మాట్లాడుకోవాలి. 2023 జులై చివర్లో మదనపల్లెలో మేలురకం కిలో రూ.190 దాటింది. కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసిన రోజులనూ ఇదే నేల చూసింది. ఒకసారి కొనేవాడు మునుగుతాడు, ఇంకోసారి అమ్మేవాడు మునుగుతాడు. ఇద్దరినీ గట్టున పడేసేది ముందుగా చేసుకున్న ఒప్పందమే.

పాడిలో ఈ దారి ఇప్పటికే పడింది. తిరుపతి కేంద్రంగా 2014లో శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ మొదలైంది. అందులో లక్షమందికి పైగా మహిళా సభ్యులున్నారు. పాలు పోసేదీ వాళ్లే, కంపెనీ యజమానులూ వాళ్లే. అక్కడ పాల సేకరణ ఏదో మూలనున్న విభాగం కాదు, కంపెనీకి ప్రాణం. 2023లో అంతర్జాతీయ పాడి సమాఖ్య షికాగోలో ఆ సంస్థకు పురస్కారం ఇచ్చింది.

సరఫరాదారులతో బంధం గురించి జపాన్ సంగతి కూడా చెప్పాలి. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ అనే విడిభాగాల కంపెనీ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా కార్ల బ్రేకులకు కావలసిన ఒక చిన్న వాల్వు దాదాపుగా అక్కడే తయారయ్యేది. కార్ల తయారీ ఆగిపోయింది. అప్పుడు ఎన్నో సరఫరా సంస్థలు, ఆ వాల్వు ఎప్పుడూ చేయనివి కూడా, తమ యంత్రాల మీద దాన్ని చేసి ఇచ్చాయి. కొద్ది రోజుల్లోనే కార్లు మళ్లీ కదిలాయి. ఏళ్ల తరబడి పెంచుకున్న నమ్మకం ఆపదలో అక్కరకొచ్చింది.

మూడు కొటేషన్లు, టెండరు, అందరికంటే తక్కువ ధర చెప్పినవారికి ఇచ్చే ఎల్-1 పద్ధతి వద్దని నేను చెప్పడం లేదు. అవి నిజాయితీకి కాపలా, ఉండి తీరాలి. కానీ టెండరులో ఏం అడగాలో తేల్చేటప్పుడు స్టోర్సు, ప్రొడక్షను, ఫైనాన్సు, సరఫరాదారు ఒకే బల్ల దగ్గర ఉండాలి. మీలో ఇంజినీర్లు డ్రాయింగ్ గీసేటప్పుడే కొనేవాళ్లను పిలవండి. ఎంబీఏ చదివినవాళ్లు ఆర్డరు రాసేముందు షాపు ఫ్లోరుకు దిగండి, పొలం గట్టు ఎక్కండి.

ఈ సాయంత్రం ఇంటికి పోయాక అమ్మనో నాన్ననో ఒక మాట అడగండి: "మన సరుకు కొన్నవాళ్లు నిన్ను ఎప్పుడైనా ఏమైనా అడిగారా?" "రేటు ఒక్కటే అడిగారు" అని జవాబు వస్తే, మీరు చేయవలసిన పని అక్కడ ఉంది. రేటుతో ఆగకుండా రెండో ప్రశ్న అడిగేవాళ్లు మీరు కావాలి.