డ్యాన్స్ హాలును ఎందుకు తగలబెట్టారు?



ఈరోజు ఐర్లండ్‌లోని ఒక ఊరి డ్యాన్స్ హాలు గురించి మాట్లాడతాను. అంబేడ్కరిస్టు విద్యార్థుల సభలో ఆ ముచ్చట ఎందుకని మీకు అనిపించవచ్చు. ఊళ్లో పడుచువాళ్లు ఎక్కడ కలుసుకోవాలి, ఎవరి అనుమతితో కలుసుకోవాలి అన్నది మనకు చాలా పాత ప్రశ్న. అందుకే ఈ కథ ఎంచుకున్నాను.

లీట్రిమ్ ఐర్లండ్‌లోని పేద కౌంటీల్లో ఒకటి. చిన్న కమతాలు, పెద్ద వలసలు. అక్కడి ఎఫ్రినాలో 1886లో పుట్టిన జేమ్స్ గ్రాల్టన్ అమెరికా వెళ్లి, అక్కడి పౌరసత్వం తీసుకొని, 1921లో తిరిగొచ్చాడు. అక్కడ అంతకుముందున్న హాలును బ్రిటిష్ బలగాలు తగలబెట్టాయి. గ్రాల్టన్ తన తండ్రి పొలంలో, సొంత డబ్బుతో, ఇరుగుపొరుగు వాళ్ల శ్రమతో కొత్త హాలు కట్టించాడు. 1916 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కాల్చి చంపిన పాట్రిక్ పియర్స్, జేమ్స్ కొనోలీల పేర్లు దానికి పెట్టారు.

అందులో డ్యాన్సులు జరిగేవి, చదువు తరగతులు జరిగేవి. భూమి తగాదాలు కూడా అక్కడే విచారించేవారు. ఆట, చదువు, భూమి ఒకే కప్పు కిందికి వచ్చాయి. పెద్దలకు కంటగింపయింది ఇదే.

1922లో గ్రాల్టన్ మళ్లీ అమెరికా వెళ్లిపోయాడు. 1932లో తిరిగొచ్చి హాలు తెరిచాడు. ఇది కమ్యూనిజమని చర్చిలో ప్రసంగాలు మొదలయ్యాయి. డ్యాన్స్ జరుగుతుండగా హాలు మీద కాల్పులు జరిపారు. క్రిస్మస్ ముందురోజు దాన్ని తగలబెట్టారు. 1933 ఫిబ్రవరిలో డి వలేరా ప్రభుత్వం, అమెరికా పౌరసత్వం ఉంది కాబట్టి పరదేశివంటూ, గ్రాల్టన్‌ను దేశం విడిచి పొమ్మంది. పుట్టిన ఊళ్లోనే పరదేశి! నెలల తరబడి ఊరివాళ్లు దాచారు. ఆగస్టులో పట్టుకొని ఓడ ఎక్కించారు. కోర్టు విచారణ లేదు. 1945లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు, మళ్లీ సొంతూరు చూడలేదు.

ఇది ఒక్క మనిషి మీద పగ మాత్రమే కాదు. 1925లోనే ఐర్లండ్ బిషప్పులు డ్యాన్సుల కీడు గురించి ఉమ్మడి ప్రకటన చేసి చర్చిల్లో చదివించారు. 1934 జనవరి 1న అదే లీట్రిమ్‌లోని మొహిల్‌లో జాజ్‌కు వ్యతిరేకంగా పెద్ద ఊరేగింపు తీశారు. జాజ్ నల్లవాళ్ల సంగీతమన్నదీ అక్కడ ఒక నేరారోపణే. 1935లో చట్టం వచ్చింది: కోర్టు లైసెన్సు లేకుండా పబ్లిక్ డ్యాన్సులు పెట్టకూడదు. దాన్ని చూపించి ఇళ్ల వంటగదుల్లో జరిగే పాటకచేరీలను కూడా పాదిరీలు, పోలీసులు ఆపించారు.

డ్యాన్స్ అంటే అంత భయం ఎందుకు? అక్కడి పల్లెల్లో పెళ్లి అంటే భూమి, కట్నం, పెద్దల మాట. హాల్లో పిల్లలు తమంతట తాము జత వెతుక్కుంటే ఆ లెక్క తప్పుతుంది. 1916 మేలో, కొనోలీని కాల్చి చంపడానికి మూడు రోజుల ముందు, బాబాసాహెబ్ కొలంబియాలో చదివిన వ్యాసంలో కులానికి మూలం స్వకుల వివాహమే అన్నారు. ఆ కళ్లతో చూస్తే డ్యాన్స్ హాలు కథ మనకు వేరుగా అర్థమవుతుంది.

అయితే రెండూ ఒకటే అనుకోవద్దు. గ్రాల్టన్ హాలు గుమ్మం దగ్గర ఎవరినీ ఆపలేదు. మన ఊళ్లలో గుమ్మం దగ్గరే ఆపారు. డప్పు మాదిగలది, చిందు భాగవతం చిందువాళ్లది. ఊరిని ఆడించి పాడించిన వాళ్లకు అదే ఊరి అరుగు మీద కూర్చునే చోటు లేదు. వినోదం మనది, వేదిక వాళ్లది.

అందుకే 1927లో మహాడ్ చెరువు నీళ్ల దగ్గర మొదలైన పోరాటం నీళ్ల దగ్గరే ఆగలేదు. 1947లో బాబాసాహెబ్ రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో రోడ్లు, బావులతో పాటు థియేటర్లు, ప్రజా వినోద స్థలాలు కూడా ఉన్నాయి. రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్ల సరసన ప్రజా వినోద స్థలాలను ప్రత్యేకంగా పేర్కొన్నారు. ఆకలి, దాహం తీరాక గుర్తొచ్చే విలాసంగా ఆయన వినోదాన్ని చూడలేదు. నలుగురితో కలిసి నవ్వగలగడం కూడా పౌరసత్వమే.

2016లో ఐర్లండ్ అధ్యక్షుడు మైకేల్ డి. హిగిన్స్ ఎఫ్రినాలో స్మారకం ఆవిష్కరించి, గ్రాల్టన్‌ను దేశం నుంచి పంపేయడం తప్పని చెప్పారు. ఆ మాట రావడానికి 83 ఏళ్లు పట్టింది. హాలును గుర్తుపెట్టుకుని, దాని గురించి రాసి, అడుగుతూ వచ్చిన జనం ఉండబట్టే వచ్చింది.

పరిశోధన చేస్తున్న మిత్రులకు నా మనవి. మన వాడల్లోని అంబేడ్కర్ భవనాలు, కమ్యూనిటీ హాళ్ల చరిత్ర రాయండి. స్థలం ఎవరిచ్చారు, ఎవరు అడ్డుకున్నారు, మొదటి నాటకం ఏది, ఆడపిల్లలు ఎప్పటి నుంచి లోపలికి వచ్చారు, ఇవాళ తాళం ఎవరి దగ్గర ఉంది, ఇవన్నీ పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఆఖరి రెండు ప్రశ్నలు మనల్ని మనం వేసుకోవాల్సినవి. మన హాల్లో మన ఆడపిల్లలకు చోటు లేకపోతే అది ఇంకా సగమే మనది.

జై భీమ్.