రెండు దారుల ఇంటర్నెట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల క్రిందట గ్రామ గ్రంథాలయమునకు నాలుగు బీరువాలు, రెండు బల్లలు, ఒక దినపత్రిక ఉన్నచో చాలునని తలచెడివారు. నేడు పత్రిక కొఱకు వచ్చు వృద్ధులతోబాటు దరఖాస్తు నింపుటకు వచ్చు యువకులును ఉన్నారు. ఉద్యోగ ప్రకటన, హాల్ టికెట్టు, పరీక్షా ఫలితము, బ్యాంకు ఖాతా, అన్నియు ఇంటర్నెట్టు మీదనే నడచుచున్నవి. దరఖాస్తునకు గడువు రాత్రి పండ్రెండు గంటలు. పదకొండున్నరకు లింకు తెగినచో ఆ కుఱ్ఱవానికి ఒక యేడు పోయినట్లే. నల్లమల అంచున ఉన్న పల్లెలలో ఇందులకు పెద్ద ఉపద్రవము అక్కఱలేదు. ఒక గాలివానకు ఒక స్తంభము ఒరిగినను చాలును. కావుననే రెండవ లింకు తెప్పింపవలెనను మాట పుట్టినది. తెప్పించుట డబ్బుతో అగు పని. రెండింటి నడుమ పని పంచుట తెలివితో అగు పని. దానినే లోడ్ బ్యాలెన్సింగ్ అందురు.

పంపకము ఈ ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. వెలిగొండ ప్రాజెక్టునే చూడుడు. శ్రీశైలము జలాశయపు అంచున కొల్లంవాగు నుండి కొండ క్రిందుగా, ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్ల పొడవున రెండు సొరంగములు తొలిచిరి. 2024 నాటికి రెండింటి తవ్వకమును ముగిసినది. మొదటిదాని వ్యాసము 7 మీటర్లు. అది సెకనుకు 85 ఘనపు మీటర్ల నీటిని మోయుటకు ఉద్దేశింపబడినది. రెండవదాని వ్యాసము 9.2 మీటర్లు, సామర్థ్యము 243 ఘనపు మీటర్లు. అనగా పెద్దది చిన్నదానికి ఇంచుమించు మూడింతలు. రెండింటికిని సరిసమానముగ నీరు పంపుదమను ఇంజనీరు ఎవ్వడును ఉండడు.

కాని రూటరు అను యంత్రమునకు ఆ వివేకము లేదు. చెప్పనిచో పెక్కు యంత్రములు రెండు లింకులకును సమానముగనే పని పంచును. ఫైబరు లింకు వేగము 100 ఎంబీపీఎస్, సెల్ టవరు మీద వచ్చునది 40 అనుకొనుడు. అప్పుడు యంత్రములో మొదటిదానికి 5, రెండవదానికి 2 అని బరువులు వ్రాయవలెను. క్రొత్తగా మొదలగు ప్రతి ఏడు సంధానములలో అయిదు ఫైబరు మీదను, రెండు టవరు మీదను పోవును. ఈ అంకెలు కంపెనీవారి ప్రకటనలోనివి కారాదు. సాయంకాలము ఊరివారందఱు ఫోనులు తెఱచిన వేళ, నాలుగు దినములు వరుసగా కొలిచి చూచి వ్రాసినవి కావలెను. శిస్తు లెక్కకు పంట ఎంతో చేను చూచి వ్రాయుదురు గాని, విత్తనపు సంచి మీది బొమ్మను చూచి వ్రాయరు గదా!

ఇక పంచునది ఏమి? ఇచ్చటనే పలువురు పొరబడుదురు. ఇంటర్నెట్టులో సమాచారము ప్యాకెట్లను చిన్న ముక్కలుగ ప్రయాణము చేయును. ఒక ముక్క ఈ దారిని, తరువాతి ముక్క ఆ దారిని పంపినచో, వేగవంతమైన దారిది ముందు, నెమ్మదైన దారిది వెనుక చేరి వరుస తప్పును. మఱల పంపుడని అడుగుటతోనే కాలము గడచును. అందుచేత ముక్కలను కాక, సంధానములను పంతురు. ఒక సంధానము ఏ దారిని మొదలైనదో కడవఱకు ఆ దారినే నడచును. మహాభారతమును ముగ్గురు తెనిగించిరి. ఒక పద్యము నన్నయ, ఒక పద్యము తిక్కన అని వంతులు వేసికొనలేదు. తిక్కన విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు తానొక్కడే నడపెను. పని పంచుకొన్నను ధార చెడకుండుటకు అదియే కారణము.

దీని ఫలితముగ ఒక ఆశాభంగము కలదు. 100, 40 కలిసి 140 అగునని, ఒక పెద్ద ఫైలు ఆ వేగముతో దిగునని తలచినవారికి అది దిగదు. ఒక ఫైలు ఒక సంధానము, ఒక సంధానమునకు ఒక దారి. పదిమంది ఒక్కసారి కూర్చున్నప్పుడే రెండు లింకుల లాభము కానవచ్చును.

బ్యాంకుల సంగతి వేఱు. ప్రతి లింకునకును వేఱు ఐపీ చిరునామా ఉండును. లాగిన్ ఒక చిరునామా నుండి, తరువాతి పుట మఱియొక చిరునామా నుండి వచ్చినచో బ్యాంకు వెబ్‌సైటు అనుమానించి బయటకు నెట్టవచ్చును. పీఎఫ్‌సెన్స్ అను ఉచిత ఫైర్‌వాల్‌లో దీనికి స్టికీ కనెక్షన్లు అను ఏర్పాటు ఉన్నది. ఒక కంప్యూటరు వాడుచున్న దారిని కొంతసేపు మార్పకుండ ఉంచును. లాట్వియా దేశపు మైక్రోటిక్ రూటర్లలో కంప్యూటరు చిరునామాను బట్టి దారి నిర్ణయించు పద్ధతి గలదు. పీఎఫ్‌సెన్స్‌లో గేట్‌వేలను గుంపుగా కట్టి, ఒకే శ్రేణిలో ఉంచినచో పని పంచుకొనును. వేఱు శ్రేణులలో ఉంచినచో మొదటిది పడినప్పుడే రెండవది లేచును. గుంపు కట్టి అంతటితో వదలినవారికి ఏమియు జరుగదు. ఫైర్‌వాల్ నియమములో ఆ గుంపు పేరు చేర్చవలెను. ఈ చిన్న పని మఱచి యంత్రమును తిట్టువారు కొల్లలు.

లింకు పడినదని యంత్రమునకు ఎట్లు తెలియును? అది కొంతకొంత సేపటికి ఒక చిరునామాను పలుకరించి చూచును. ఆ చిరునామా ఊరిలోని పెట్టెదే యైనచో, పెట్టె బ్రతికియున్నంత కాలము లింకు బాగున్నదనియే యెంచును. కంభము దాటిన తరువాత తీగ తెగినను దానికి తెలియదు. తూము వద్ద తడి చూచి కాలువ చివర మడి తడిసినదనుట వంటిది. కావున దూరపు చిరునామాలు ఇయ్యవలెను: ఒక లింకునకు గూగుల్ వారి 8.8.8.8, రెండవదానికి క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.1. రెండింటికి ఒకటే యిచ్చుట తప్పు. లేచుచు పడుచున్న లింకునకు వెంటనే పని యప్పగింపక కొంతసేపు నిలుకడ చూచుటయు అవసరము.

అరణ్యపర్వము నడుమ నన్నయ విడిచినచోట ఎర్రన అందుకొని, నన్నయ పేరనే, రాజరాజనరేంద్రునికే అంకితముగ పూర్తి చేసెను. ఇంటర్నెట్టు లింకునకు ఆ నేర్పు లేదు. ఫైబరు తెగిన క్షణమున దాని మీద నడచుచున్న సంధానములు తెగును. టవరు మీద వేఱు చిరునామాతో మఱల మొదలు పెట్టవలెను. దరఖాస్తు నింపువారు ప్రతి పుటను సేవ్ చేసికొనుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది దారుల వేఱుదనము. వెలిగొండ సొరంగములు రెండైనను జలాశయము ఒక్కటే; శ్రీశైలములో నీటిమట్టము దిగినచో రెండును ఎండును. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరు 27న ప్రారంభమైనది. దాని తీగలు విద్యుత్ స్తంభముల మీదుగా సాగినవి. ఇతర కంపెనీ తీగయు అవే స్తంభముల మీద వచ్చినచో, బిల్లులు రెండు, ప్రమాదము ఒక్కటి. ఇది పల్లెల పొరపాటే కాదు. 2008 జనవరి 30న ఈజిప్టు తీరమున అలెగ్జాండ్రియా సమీపమున రెండు సముద్రపు కేబుళ్లు ఒకే దినము తెగినప్పుడు, భారతదేశపు ఇంటర్నెట్టు సామర్థ్యములో పెద్ద భాగము పోయినది. కేబుళ్లు వేఱు, యజమానులు వేఱు, త్రోవ ఒక్కటి.

కావున ఒకటి తీగ మీదను, ఒకటి టవరు మీదను ఉండవలెను. రూటరునకు చిన్న బ్యాటరీ ఉండవలెను. కరెంటు లేనిచో రెండు లింకులును వట్టివే. నిధి చాలని గ్రంథాలయమునకు పంపకము అక్కఱయే లేదు. ఒక ఫైబరు, అది పడినప్పుడు లేచుటకు ఒక సిమ్ కార్డు చాలును. అమర్చిన దినముననే, పాఠకులందఱు కూర్చుండగా, ఫైబరు తీగను చేతితో ఊడదీసి చూడవలెను. పుట ఎన్ని క్షణములకు మఱల తెఱచుకొన్నదో గడియారము పెట్టి, బరువుల అంకెలతో సహా ఒక కాగితము మీద వ్రాసి రూటరు పెట్టె ప్రక్కన అంటింపవలెను. గ్రంథపాలకుడు సెలవు మీద నుండగా లింకు తెగినచో ఆ కాగితమే ఆధారము.